అరికాలు తట్టే డాక్టరమ్మ

ఆవిడ పోయిందన్న కబురు నాకు మా అమ్మ చెప్పింది. నా ఏడుపంతా అక్కడే. మేమిద్దరం గుంటూరులో ఒకే బ్యాచ్‌లో చదివాం, ఒకే హాస్టల్లో ఉన్నాం. డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో ఇంకా ఎవరూ దండం బొమ్మ పెట్టకముందే, రేపల్లెలో ఉండే మా అమ్మకి, మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి ఎప్పుడో రిటైరైన మనిషికి, సంగతి తెలిసిపోయింది. నేను తెనాలిలో పొద్దున ఓపీకి బయల్దేరుతుంటే ఫోను మోగింది.

"పాపా, బాపట్ల డాక్టరుగారు పోయారంట. గుండెపోటంట. ఓపీలో కూర్చునే పోయారంట" అంది. తర్వాతంతా వెక్కిళ్ళే. మా నాన్న పోయిన రోజు వచ్చినవాళ్ళందరికీ కాఫీలు అందాయో లేదో చూసుకున్న మనిషి మా అమ్మ. అలాంటి మనిషి ఫోన్లో అంతలా ఏడుస్తుంటే నాకు జాలి వేయలేదు. కడుపు మండింది.

"నేను పోతే ఇంతగా ఏడుస్తావా?" అని అడిగేశాను.

"నువ్వు పోయేదాకా నేనుంటే కదే" అంది ముక్కు చీదుకుంటూ.

నేను గైనకాలజిస్టుని. ఆవిడా అంతే. నాది తెనాలి, ఆవిడది బాపట్ల. పేరు రాయను. రాస్తే ఇంకాస్త పెద్దదైపోతుంది, ఇప్పటికే నా చుట్టుపక్కల అందరి నోళ్ళలోనూ చాలా పెద్దది. క్లాస్‌మేటుని పట్టుకుని 'ఆవిడ' అనడం ఏంటంటారేమో, మా అమ్మ నోట ఆ మాట విని విని నాకూ అదే అలవాటైంది.

చదువులో నేను ముందు. గొప్పకి చెప్పడం లేదు అనాలి గానీ, గొప్పకే చెప్తున్నాను. నాకు గోల్డ్ మెడల్ వచ్చింది. ఆవిడ గట్టెక్కింది. అందుకని బతికినంతకాలం నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఎక్కడ కనపడ్డా, ఎంతమంది ముందైనా, "ఏంటే గోల్డ్ మెడలూ" అనేది. పిలుపులో ఎగతాళి ఉండేదో, మెచ్చుకోలు ఉండేదో నాకెప్పటికీ తేలలేదు. తేలకపోవడం వల్ల ఇంకా ఒళ్ళు మండేది.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు స్పెక్యులం గురించి చెప్పాలి. ఆడవాళ్ళని లోపల పరీక్ష చేసేటప్పుడు దారిని తెరిచి పట్టే పరికరం అది. బాతుముక్కులాగా రెండు రేకులు, వెనక బొటనవేలితో నొక్కే మీట, పక్కన బిగించే స్క్రూ. గర్భసంచి నోరు ఎలా ఉందో కంటితో చూడాలంటే అది పెట్టాల్సిందే, వేరే దారి లేదు. మా వైపు జనానికి మాత్రం స్కానింగ్ మీద ఎక్కడలేని నమ్మకం. పొట్ట మీద జెల్లు రాసి తీసే స్కానింగులో లోపలున్నవన్నీ కనపడిపోతాయనుకుంటారు. తెల్లబట్టవుతున్నా, మరకలు పడుతున్నా, "స్కానింగ్ తీయించుకున్నామండీ, అంతా క్లీన్" అని ధైర్యంగా ఇంటికి పోతారు. గర్భసంచి నోటి దగ్గర మొదలయ్యే జబ్బు స్కానింగుకి దొరికేసరికి చాలా దూరం వచ్చేసి ఉంటుంది. కాళ్ళు ఎడం పెట్టి పడుకోవాలన్న సిగ్గుకి ఎంతమంది బలయ్యారో మా వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలుసు.

హాస్టల్ రోజుల్లో ఒక మధ్యాహ్నం మెస్సులో పెరుగన్నం కోసం లైన్లో నిలబడి ఉన్నాను. ఆవిడ నా వెనక చేరి చెవి దగ్గర మూతి పెట్టింది.

"ఒసే, నేను పెట్టుకుని చూశానే."

"ఏంటి పెట్టుకున్నావు?"

"స్పెక్యులం. పొద్దస్తమానం వాళ్ళకి పెడుతున్నాం కదా, ఎట్లా ఉంటదో చూద్దామని. బాబోయ్, ఎంత చల్లగా ఉందనుకున్నావు! పైగా ఆ స్క్రూ కిర్రుమన్నప్పుడల్లా నా గుండె జారిపోయిందే."

నేను "ఛీ" అని కంచం పట్టుకుని వేరే లైన్లోకి పోయాను. ఆ వారమే వైవాలో ఆ పరికరం గురించి అడిగితే, దాని రకాలు, ఎప్పుడు ఏది వాడాలి, అన్నీ గడగడా చెప్పి మాస్టారి చేత శభాష్ అనిపించుకున్నాను. చల్లగా ఉంటుందన్న సంగతి నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పెట్టుకుని చూడాలన్న ఆలోచన నాకెందుకు రాలేదన్న మంట మాత్రం నాకు ఆ మెస్సు లైన్లోనే మొదలైంది. ఇప్పటికీ ఆరలేదు.

బాపట్లలో ఆవిడ ఆసుపత్రి స్టేషనుకి దగ్గర్లో ఒక సందులో ఉంది. కింద మందుల షాపు, పైన ఆవిడ. ఏనాడూ టైముకి వచ్చేది కాదు. తెల్లకోటు జేబులో ఎప్పుడూ వేయించిన జీడిపప్పు ఉండేది. అది తింటూ, పేషెంట్లకి పెడుతూ, ఇంట్లో సంగతులు అడుగుతూ, మెట్ల మీద కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ పైకెక్కేది. నేను తొమ్మిదన్నరకి కుర్చీలో ఉంటాను. నా దగ్గర టోకెన్లున్నాయి, ఏసీ ఉంది, గోడకి టీవీ ఉంది. అయినా తెనాలి స్టేషన్లో నా బోర్డు కింద నిలబడి రైలెక్కి ఆవిడ దగ్గరికి పోయినవాళ్ళని నేనెరుగుదును.

పరీక్ష బల్లని ఆవిడ తిప్పి వేయించింది. మామూలుగా మా ఆసుపత్రుల్లో తలుపు తెరిస్తే ముందు పేషెంటు కాళ్ళు కనపడతాయి. ఆవిడ గదిలో తల కనపడేది. "పొరపాటున ఎవరన్నా తలుపు తోసినా మొహమే కదా చూసేది, మొహం సంతలో కూడా చూస్తారు" అనేది. శుభ్రంగా ఉడికించిన స్పెక్యులాలని గోరువెచ్చటి నీళ్ళలో వేసి, ఇళ్ళలో ఇడ్లీలు పెట్టుకునే హాట్‌బాక్స్‌లో పెట్టి ఉంచేది. ప్లాస్టిక్‌వి వచ్చాక కూడా వాటి జోలికి పెద్దగా పోలేదు. బిగించేటప్పుడు టక్కుమని చప్పుడు చేస్తాయని ఆవిడకి వాటి మీద కోపం.

అన్నిటికంటే ముందు, దాన్ని పేషెంటు చేతికిచ్చేది. బల్ల ఎక్కకముందే, చీర సర్దుకోకముందే. "ఇదిగో, నొక్కి చూడు. ఎంత తెరుచుకుంటదో చూసుకో. నీ చేతిలో ఉన్నదే నీకు పెడతాను, వేరేది కాదు" అని చెప్పేది. కావాలంటే నువ్వే పెట్టుకో, నేను పక్కనుండి చెప్తాను అనేది. వాళ్ళు నొక్కి చూసుకున్నదాన్ని వేడినీళ్ళలో కడిగి వాళ్ళకే వాడేది. ఒకసారి ఎవరో రైతుకూలీ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంతేనా అమ్మా? మా ఇంట్లో అట్లకాడ ఇంతకన్నా భయంగా ఉంటది" అందట. ఆ మాట ఆవిడ ప్రతి మీటింగులోనూ చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వేది.

ఇంకొకటుంది. పరీక్ష అయ్యాక, లోపల అంతా బాగుంటే, ఆవిడ నోటితో చెప్పేది కాదు. పేషెంటు అరికాలు మీద మెల్లగా తట్టేది. చెప్పడం, రాయడం, మందులు, అవన్నీ తర్వాత. ముందు ఆ తట్టు. బాపట్ల బస్టాండులో ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు, "తట్టారా?" అని అడిగేవాళ్ళు. "తట్టారొదినా" అంటే ఇంక మాట్లాడుకోవడానికేం లేదు, బస్సెక్కేవాళ్ళు. తట్టకపోతే మాత్రం ఆవిడ స్టూలు లాక్కుని తల దగ్గరికొచ్చి కూర్చుని చెయ్యి పట్టుకునేదట.

ఎందుకలా అని ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర నేనే అడిగాను.

"ఆ బల్ల మీద వాళ్ళకి నా మొహం కనపడదు, నాకు వాళ్ళ మొహం కనపడదు. ఇంక మాట్లాడుకోవడానికి మా ఇద్దరి మధ్యా కాళ్ళే కదే ఉన్నాయి" అంది, నా విస్తట్లోంచి అప్పడం తీసుకుంటూ.

నేనూ ఒక హాట్‌బాక్స్ కొన్నాను. ఎందుకు కొనకూడదు? వెచ్చగా పెట్టడం ఆవిడ సొంత ఆస్తేం కాదు కదా. దాంతో పరీక్ష చేసిన మొదటి పేషెంటు లేచి చీర సర్దుకుంటూ, "మీరు కూడా బాపట్ల మేడం దగ్గర నేర్చుకున్నారా అండీ?" అంది. ఆ సాయంత్రమే హాట్‌బాక్స్ అటక ఎక్కింది.

ఇలా ఆవిడ మీద నాకు వృత్తి కుళ్ళు ఎప్పటినుంచో ఉంది. అదొక ఎత్తు. మా అమ్మ సంగతి తెలిశాక పుట్టింది ఇంకొక ఎత్తు.

మా అమ్మ నెలకొకసారి రేపల్లె నుంచి పాసింజరులో తెనాలి వచ్చి నా దగ్గర రెండు రోజులుండి పోయేది. ఒకసారి నడుం నొప్పి అంటే నేనే స్కానింగ్ తీశాను. అంతా మామూలుగా ఉంది. ఇంకేమన్నా ఇబ్బంది ఉందా అని అడిగితే, ఏం లేదంది. ఆ తర్వాత కొన్నాళ్ళు మాటిమాటికీ బాపట్ల ప్రయాణాలు పెట్టుకుంది. రేపల్లెని బాపట్ల జిల్లాలో కలిపాక పెన్షను పనులన్నీ అక్కడే కదా, నేను అనుమానపడలేదు. "ఈ ఆఫీసులోళ్ళు ఒక్కసారికి తేల్చరే" అని విసుక్కుంటూ పోయేది. ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడని ఊరికే అనలేదు.

ఒకరోజు నా ఆసుపత్రిలో, తెర అవతల కుర్చీలో అమ్మ కూర్చుని పేపరు చదువుకుంటోంది. తెర ఇవతల భట్టిప్రోలు నుంచి వచ్చిన ఒకామె బల్ల ఎక్కనని మొండికేసింది. నాట్లకి పోయే మనిషి. నెలసరి ఆగిపోయి ఏళ్ళయ్యాక మళ్ళీ మరకలు పడుతున్నాయి.

"స్కానింగ్ తీసి చెప్పండి మేడం. ఆ ఇనప సామాను నాకొద్దు" అంటోంది.

నేను ఓపిగ్గానే మొదలుపెట్టాను. బయట టోకెన్లు పేరుకుపోతున్నాయి. గొంతు కాస్త లేచింది. అప్పుడు తెర పక్కకి జరిగి మా అమ్మ లోపలికొచ్చింది.

"ఏం కాదమ్మా. భయపడమాక. ముందు నీ చేతికిస్తారు. ఇదిగో, ఇట్టా పట్టుకుని, ఇట్టా నొక్కుతావు. గోరువెచ్చగా ఉంటది. బిగపట్టకుండా ఊపిరి వదులు, అంతే" అంది.

ఇట్టా అన్నప్పుడు మా అమ్మ కుడిచెయ్యి గాలిలో పిడిని పట్టుకుంది. బొటనవేలు మీటని నొక్కింది. కింది వేళ్ళు కదలకుండా పట్టుకుంటే బొటనవేలొక్కటే వంగింది. ఆ పరికరాన్ని చేత్తో పట్టుకుని తెరిచి చూసుకున్నవాళ్ళు తప్ప ఇంకొకళ్ళు అలా నొక్కలేరు. నా దగ్గర పేషెంటు చేతికి నేనెప్పుడూ ఇవ్వలేదు. నా దగ్గర అది గోరువెచ్చగా కూడా ఉండదు. మా అమ్మ ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆ భట్టిప్రోలు ఆమె మా అమ్మ మాటకి బల్ల ఎక్కింది. నేను పరీక్ష చేశాను. నా చేతులు పనిచేస్తున్నాయి గానీ నా బుర్ర అప్పటికే బాపట్ల చేరుకుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగాను.

"ఆవిడ దగ్గరికి ఎందుకెళ్ళావు?"

అమ్మ ముద్ద కలుపుతూ ఆగింది. దాచలేదు, బుకాయించలేదు. "మరకలు పడ్డాయి" అంది. "అట్టా చాన్నాళ్ళు పడ్డాయి. నీ స్కానింగులో ఏం లేదన్నావు. అయినా నాకు మనసొప్పలేదు. ఆవిడ చూసింది. నోటి దగ్గర చిన్న కాయ ఉందంట. ముక్క తీసి పంపించింది. ఇంకా క్యాన్సరు కాలేదంట, వదిలేస్తే అయ్యేదంట. గుంటూరులో చిన్న ఆపరేషను చేయించింది. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేశాను. మొదటిరోజు ఆవిడ అరికాలు తట్టలేదే. చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ప్రతిసారీ తడతానే ఉంది."

"స్కానింగ్ తీసినప్పుడు మరకల సంగతి నాతో ఒక్క మాట చెప్తే నేను చూసేదాన్ని కదా! నేను డాక్టర్ని కాదా? నీ కూతుర్ని కాదా?"

మా అమ్మ నన్ను తేరిపార చూసింది. "నువ్వు బయటికొచ్చిన దారి నీకెట్టా చూపించేదే?" అంది.

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఎన్నోసార్లు విన్నాను గానీ, ఆ చెట్టు నేనేనని ఆ పూటే తెలిసింది. నేను కంచంలో చెయ్యి కడుక్కుని, ఓపీ మానేసి, కారు తీసి బాపట్ల పోయాను.

ఆవిడ మెట్ల మీదే ఎదురైంది. "ఏంటే గోల్డ్ మెడలూ, దారి తప్పావా?" అంది. చేతిలో జీడిపప్పు పెట్టబోయింది. నేను తీసుకోలేదు.

"మా అమ్మ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరే మీ అమ్మ?"

"నాటకాలాడకు. అమ్మే చెప్పింది."

"చెప్తే చెప్పారేమో, అది వాళ్ళిష్టం. నా పేషెంట్ల గురించి నేను నా పేషెంట్లతోనే మాట్లాడతాను."

"మా అమ్మని నా నుంచి దాచడానికి నువ్వెవరు?" అని అరిచాను. మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ తలలు తిప్పారు.

ఆవిడ నన్ను రెక్క పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళింది. తలుపు వేసింది. "అమ్మని నేనేం తీసుకోలేదే, అమ్మ నీ దగ్గరే ఉంది. నా దగ్గరికొచ్చింది పేషెంటు" అంది. తర్వాత ఏమనుకుందో, కాస్త మెత్తబడింది. "ఒక్కటి చెప్తాను, ఇది వైద్యం సంగతి కాదు కాబట్టి. ఆ టీచరుగారు బల్ల మీద ఉన్నంతసేపూ నీ గురించే చెప్తారే. నీకు పదో తరగతి లెక్కల్లో ఎన్నొచ్చాయో కూడా నాకు కంఠతా వచ్చేసింది. నాకు విసుగు. నా పరీక్ష గదిలో కూడా గోల్డ్ మెడలు నీకేనా?"

నేను నమ్మలేదు. నన్ను ఊరుకోబెట్టడానికి అల్లిందనుకున్నాను. మా అమ్మ నా మొహం మీద నన్ను ఏనాడూ మెచ్చుకోలేదు. అలాంటి మాటలు నా వెనక, అదీ ఆవిడతో, అదీ కాళ్ళు ఎడం పెట్టుకుని పడుకుని చెప్పిందంటే ఎలా నమ్మను? నమ్మినా సుఖం లేదు. ఆ మాటలు వినాల్సిన చెవులు నావి, విన్నవి ఆవిడవి. ఆ బల్ల వైపు, మూలనున్న హాట్‌బాక్స్ వైపు చూశాను. అక్కడ మా అమ్మ నా దగ్గరకంటే ఎక్కువ ధైర్యంగా ఉందన్నది మాత్రం నిజం. నేను తలుపు తీసుకుని వచ్చేశాను.

అదే మేమిద్దరం గట్టిగా మాట్లాడుకున్న ఆఖరిసారి. తర్వాత మీటింగుల్లో కనపడితే గోల్డ్ మెడలూ అని పిలిచేది, నేను తలూపేదాన్ని. మా అమ్మ ఇంక పెన్షను వంక పెట్టడం మానేసి, "బాపట్ల వెళ్తున్నా" అని నాకు దర్జాగా ఫోన్ చేసి మరీ వెళ్ళేది. తిరిగొచ్చాక "తట్టారు" అని ఫోను. ఆ ఒక్క మాట కోసం పొద్దున్నుంచీ కాచుకుని ఉండి, విన్నాక ఆవిడ మీద పళ్ళు నూరుకునేదాన్ని.

ఆవిడ పోయిన రోజు నేను రేపల్లె వెళ్ళి అమ్మని ఎక్కించుకుని బాపట్ల వెళ్ళాను. ఇంటి ముందు సందు నిండా ఆడవాళ్ళు. చెప్పులు వదిలి, వరసలో లోపలికి వెళ్తున్నారు. పూలు తెచ్చినవాళ్ళు పూలు పెడుతున్నారు. అందరూ కాళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆగుతున్నారు. దండం పెడుతున్నారేమో అనుకున్నాను. దగ్గరికెళ్ళాక చూశాను. వాళ్ళు ఆవిడ అరికాలు తడుతున్నారు. మెల్లగా తట్టి, పక్కకి తప్పుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎవరు మొదలుపెట్టారో, ఎవరిని చూసి ఎవరు చేశారో తెలియదు.

మా అమ్మ కూడా తట్టింది. నా వంతు వచ్చినప్పుడు నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. రేపు నేను పోతే నాకు పెద్ద పూలదండలు వస్తాయి, అసోసియేషన్ వాళ్ళు సంతాపసభ పెడతారు. నా కాళ్ళ దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. చచ్చిపోయిన మనిషి మీద అంత అసూయ పడొచ్చని నాకు అంతకుముందు తెలియదు.

తిరుగుదారిలో చెరుకుపల్లి దాటాక అమ్మ నోరు విప్పింది.

"మళ్ళీ మరక కనిపించిందే" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "వచ్చే వారం ఆవిడకి చూపిద్దామనుకున్నా."

నేను కారు పక్కకి ఆపాను. "రేపే చూద్దాం. నేను చూస్తాను. లేదంటే గుంటూరు పోదాం, ఎవరైనా మంచి..."

"ఎవరికీ చూపించుకోను. ఇంక చాలు. దేవుడు ఇచ్చినన్నాళ్ళు ఉంటా" అంది.

ఆ తర్వాతి రోజులు నాకెలా గడిచాయో నాకే తెలుసు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి బతిమాలాను, కోప్పడ్డాను, ప్రార్థన చేసుకో, దేవుడేం చెప్తాడో అడుగు అని కూడా అన్నాను. ఎంతసేపూ "చూద్దాంలే". ఊళ్ళో అందరి తల్లులకీ జబ్బు కనిపెట్టేదాన్ని, నా తల్లి లోపల ఏం పెరుగుతోందో తెలియకుండా ఓపీలో కూర్చున్నాను. ఆ కోపం కూడా చచ్చిపోయిన ఆవిడ మీదే వచ్చింది. ఇంత అలవాటు చేసి, ఇలా మధ్యలో వదిలేసి పోతుందా?

ఒక ఆదివారం చర్చి అయ్యాక, చెప్పాపెట్టకుండా పాసింజరు దిగి ఆటోలో మా అమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఆదివారం కాబట్టి లోపల నేనూ, కాగితాలూ తప్ప ఎవరూ లేరు. పరీక్ష గదిలోకి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది, ఇన్‌స్పెక్షనుకి వచ్చినట్టు.

"బల్ల తిప్పించు" అంది.

"తిప్పుతాను."

"గోరువెచ్చగా ఉండాలి."

"అటక మీద హాట్‌బాక్స్ ఉంది. దించుతాను."

"ముందు చేతికియ్యాలి."

"ఇస్తానమ్మా."

"ఇంకోటి. నువ్వు మాట్లాడకూడదు. నీ గొంతు వినపడితే నువ్వని గుర్తొస్తది. నేను లేచెళ్ళిపోతా."

ముందు స్కానింగ్ చేశాను, గర్భసంచి లోపలి పొర పల్చగా, మామూలుగానే ఉంది. తర్వాత ఇద్దరం కలిసి బల్లని జరిపాం. నీళ్ళు కాచాను. పరికరాన్ని అమ్మ చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో నొక్కి చూసుకుని, తిరిగి ఇచ్చేసింది. బల్ల మీద పడుకుని, కొంగు మొహం మీదికి లాక్కుంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. పెదవులు బిగించుకున్నాను.

నా చెయ్యి తగలగానే కొంగు కింద మా అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. నాతో కాదు.

"డాక్టరుగారూ, మా అమ్మాయి మిమ్మల్ని చూడ్డానికొచ్చిందండి మొన్న. బిర్రబిగుసుకుని నిలబడింది. మీరేం అనుకోమాకండి, చిన్నప్పట్నుంచీ అంతే. దానికంటే ముందు ఎవరన్నా నిలబడితే తట్టుకోలేదు. అంత చదువు చదివింది, తెనాలిలో అంత పేరు తెచ్చుకుంది, అయినా అంతే. దానికి మాత్రం చెప్పకండి. చిన్నప్పుడు నాకు జొరం వస్తే మంచం కోడు పట్టుకుని కూర్చునేదండి, అన్నం తినేది కాదు. ఇప్పుడు నాకిది మళ్ళీ వచ్చిందని తెలిస్తే దాని చేతులు వణుకుతాయి. అది నాకెట్టా చూస్తది చెప్పండి?"

నా చేతులు వణకలేదు. స్క్రూ చప్పుడు కాకుండా మెల్లగా తిప్పాను. దీపం సరిచేసుకుని చూశాను. ఆపరేషను చేసిన చోటు శుభ్రంగా మానిపోయి ఉంది. గర్భసంచి నోరు నున్నగా ఉంది. దారి పక్కగోడ మీద వయసుకి పొర పల్చబడి చిట్లిన చోటు ఎర్రగా కనిపించింది, మరక అక్కడిది. పూతమందుతో పోయేది. ల్యాబ్‌కి పంపాల్సింది ఎలాగూ తీశాను. ఆ నోట్లోంచే నేను ఈ లోకంలోకి వచ్చానన్న సంగతి, చూసినంతసేపూ నాకు గుర్తు రాలేదు. పరికరం బయటికి తీశాక వచ్చింది. కళ్ళు మసకబారాయి.

"ఏంటండీ, ఏం చెప్పరు? బాగుందా?" అంది కొంగు కింద నుంచి. గొంతు సన్నబడింది.

నేను నోరు తెరవబోయి ఆగిపోయాను. తర్వాత మా అమ్మ అరికాలు మీద తట్టాను.

బల్ల మీద మా అమ్మ ఊపిరి వదిలింది. ఆ తర్వాత కొంగు తీసి, తల కాస్త పైకెత్తి, స్టూలు మీద కూర్చున్న నన్ను చూసింది.

"గట్టిగా తట్టావు. ఆవిడ ఇంకా మెత్తగా తట్టేది" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అలాగే లేచి చెయ్యి అందించాను. అమ్మ పట్టుకుని లేచి, బల్ల దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, నా మొహం చూడకుండా అడిగింది.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?"